అందరొచ్చిండ్రా?

మొన్న ఆదివారం జనగామలో ఒక హోటల్ మెట్ల దగ్గర, కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి నా చేతిలో ఒక గుండ్రటి బిళ్ల పెట్టింది. ప్లాస్టిక్‌ది, ఎర్రటిది, మీద నంబరు వేసి ఉంది. "కింద టేబుల్ ఖాళీ కాలేదు మేడమ్, కాగానే పిలుస్తం. దిగేటప్పుడు ఈ బిళ్ల ఇచ్చెయ్యండి" అంది.

ఆ పిల్ల మామూలుగానే అంది. నేను మాత్రం బిళ్లను పిడికిట్లో బిగించాను. వెనక నిలబడ్డవాళ్లు జరగమంటున్నా కాలు కదల్లేదు. మా ఆయన నా మొహం చూశాడు. చొక్కా జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టి, పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు.

బిళ్ల అనే మాట చెవిన పడితే నాకు మా పెద్దబాపు గుర్తొస్తాడు. మా బాపుకు సొంత అన్న. భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన లేకుండా ఆ హోటల్ మెట్ల ముందు నిలబడటం నాకదే మొదటిసారి.

నేను పుట్టు పిరికిదాన్ని. లిఫ్టు తలుపు మూసుకుంటుంటే ఊపిరి బిగపడతాను. సినిమాకు పోతే తెర కంటే ముందు బయటికి పోయే దారి చూసుకుంటాను. ఈ జబ్బు నాకెవరు అంటించారో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ అయితే మొహం మీదే అనేది, "అచ్చం మీ పెద్దబాపు పోలికే. ఆయన తీర్గనే సస్తవ్" అని.

పెద్దబాపు సెలవులకు మహబూబాబాద్‌లో మా ఇంటికి వచ్చేవాడు. ఎవరింటికైనా చుట్టం వస్తే ముందు మనుషులను పలకరిస్తాడు. ఈయన గడప దాటగానే తలెత్తి కప్పును చూసేవాడు. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా తాపీగా చూసి, గోడను వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, చెవి పెట్టి, అప్పుడు "ఏమ్మా, బాగున్నరా" అనేవాడు. అమ్మకు ఒళ్లు మండేది. "మా ఇల్లు గట్టిదే బావా, కూలది. కూసొని చాయ్ తాగుండ్రి" అనేది. ఆయన నవ్వి కూర్చునేవాడు, తలుపు పక్కనే. మంచం ఎంత లోపలికి వేసినా ఆయన కూర్చునే సరికి అది తలుపు దగ్గరికి వచ్చి ఉండేది.

ఆయనకు ఇంకో అలవాటు. చొక్కా జేబుకు గుండీ కుట్టించుకునేవాడు. ఆ జేబులో ఒక దస్తీ, ఒక చిన్న గోధుమరంగు దువ్వెన. తల మీద దువ్వడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు కాబట్టి దువ్వెనంతా మీసాల కోసమే. కొత్త చోట అడుగు పెట్టే ముందు ఆగి, దువ్వెన తీసి, కుడి మీసం, ఎడమ మీసం సరిచేసుకునేవాడు. అందరూ అది సోకు అనుకునేవాళ్లు. ధైర్యం కూడదీసుకోవడానికి అలా చేస్తున్నాడని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

ఇక బిళ్ల సంగతి. బొగ్గుబాయిలోకి దిగేముందు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల పైన గదిలో ఇచ్చి, తలకు కట్టుకునే లైటు తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. గోడ మేకుకు బిళ్ల వేలాడుతుంటే, ఆ బిళ్ల మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. పెద్దబాపు ఈ పద్ధతిని బాయి నుంచి ఇంటికి మోసుకొచ్చాడు. జనం ఎక్కువున్న చోటికి, చీకటి చోటికి, లోతు చోటికి పోవాలంటే ముందు మా అందరి దగ్గరా ఏదో ఒక వస్తువు తీసుకునేవాడు. "బిళ్ల ఇయ్యి బిడ్డా" అని చేయి చాపేవాడు. నేను జడ క్లిప్పు ఇచ్చేదాన్ని. అమ్మ తిట్టుకుంటూ తాళంచెవి ఇచ్చేది. బాపు బస్సు టికెట్టు ఇచ్చేవాడు. అవన్నీ దస్తీలో మూట కట్టి, జేబులో పెట్టి, గుండీ పెట్టుకునేవాడు. బయటికొచ్చాక ఎవరిది వారికి ఇచ్చి, చివర్న అడిగేవాడు, "అందరొచ్చిండ్రా?" అని. మేమంతా "వచ్చినం" అనాలి. అనకపోతే అక్కడి నుంచి కదిలేవాడు కాదు.

మా తమ్ముడు ఒకసారి జాతరలో కావాలనే ఎడమకాలి చెప్పు తీసి ఇచ్చాడు. పెద్దబాపు దాన్నే బిళ్లగా తీసుకున్నాడు. జాతరంతా ఆ చెప్పును చంకలో పెట్టుకుని తిరిగాడు. తమ్ముడు ఒంటి చెప్పుతో కుంటుకుంటూ తిరిగాడు. చూసినవాళ్లు ఇద్దరికీ పిచ్చే అనుకుని ఉంటారు.

"మరి నీ బిళ్ల ఎవరికిస్తవ్ పెద్దబాపూ?" అని అడిగాను ఒకసారి.

"అందర్ని పైకి పంపి ఆఖరికి ఎక్కెటోనికి బిళ్లెందుకే?" అన్నాడు.

ఇంకో జాతరకు పోయినప్పుడు నాకు కాళ్లు నొప్పులు పుట్టాయి. ఎవరో తెలిసినవాళ్లు ఆటోలో ఊరికి పోతుంటే వాళ్లతో కలిసి ఇంటికి వచ్చేశాను. బాపుకు చెప్పాను, పెద్దబాపుకు చెప్పాలన్న సోయి లేదు. నా క్లిప్పు ఆయన దగ్గరే ఉండిపోయింది. బాపు ఎంత చెప్పినా ఆయన నమ్మలేదట. "కండ్లతోని చూడంది ఎట్ల నమ్మాలె" అని జాతరంతా వెతికాడట, మైకులో నా పేరు చెప్పించాడట. పొద్దుగూకే వేళకు మా వాకిట్లో అడుగు పెట్టాడు. నేను అరుగు మీద కూర్చుని అన్నం తింటున్నాను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. గడప మీద కూలబడ్డాడు. దస్తీ ముడి విప్పడానికి ఆయన వేళ్లు సహకరించలేదు. ఆ వణుకు చూశాకే నాకు భయమంటే ఏమిటో తెలిసింది.

ఆ రోజు పెద్దమ్మ, ఆయన భార్య, నన్ను పెరట్లోకి తీసుకుపోయి సమ్మన్న సంగతి చెప్పింది. సమ్మన్న ఆయనతో పాటు ఒకే షిఫ్టులో దిగేవాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో తినేవాళ్లు. ఒకరోజు షిఫ్టు అయి అందరూ పైకి వచ్చారు. గోడ మేకుకు ఒక బిళ్ల మిగిలింది, సమ్మన్నది. అతనికి మతిమరుపు. అంతకుముందు కూడా బిళ్ల తీసుకోవడం మరిచి ఇంటికి పోయినవాడే. అడిగినవాళ్లతో పెద్దబాపే అన్నాడట, "పోయే ఉంటడు తియ్, వానికి యాదుండదు" అని. సమ్మన్న ఇంటికి పోలేదు. కింద ఉన్నాడు. వెతుక్కుంటూ పోయేసరికి ఆలస్యమైంది.

"గప్పటి సంది గిట్లయిండు బిడ్డా. నువ్వు నవ్వకు" అంది పెద్దమ్మ.

నేను మళ్లీ ఎప్పుడూ ఆయన్ని చూసి నవ్వలేదు. కానీ పెద్దయ్యాక ఆయనతో బయటికి పోవాలంటే గుండెల్లో రాయి పడేది. ఎక్కడ పరువు తీస్తాడో తెలిసేది కాదు. నాకొచ్చిన మొదటి సంబంధం ఆయన వల్లే చెడింది. పెళ్లికొడుకు వాళ్ల ఇంటికి పోయి, చాయ్ తాగక ముందే కప్పు చూసి, "గీ స్లాబుకు పెచ్చులూడుతున్నయ్, జర లోపట కూసోకుండ్రి" అన్నాడు. కొత్తగా కట్టుకున్న ఇల్లది. వాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

రెండోది జనగామ సంబంధం. అతను నాకు నచ్చాడు. ఫోన్లో మాట్లాడుకున్నాం. నేను భయపడే విషయాలన్నీ చెబితే నవ్వకుండా విన్నాడు. ఈ సంబంధం తప్పిపోతే నాకు ఇంకెవరూ వద్దనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు కానీ గట్టిగా అనుకున్నాను. వాళ్ల నాయినకు జనగామలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. ఇంట్లో పెళ్లిచూపులు పెడితే ఇరుగుపొరుగు చెవులు కొరుక్కుంటారని, బయట హోటల్లో కలుద్దామన్నారు. హైదరాబాద్ రోడ్డు మీద కొత్తగా పెట్టారట. చైనా, కొరియా, మెక్సికో వంటలన్నీ కలగలిపి చేస్తారట. అమ్మ విని, "ఎందుకన్న మంచిది, తినే పోదాం" అని పొద్దున్నే ఉప్మా చేసి అందరికీ పెట్టింది.

పెద్దబాపు రాకపోతే బాగుండునని నా మనసులో ఉంది. బాపు మాత్రం "అన్న లేంది నేను అడుగు ముందుకెయ్య" అన్నాడు. ఆయన భూపాలపల్లి నుంచి వచ్చి, జనగామ బస్టాండులో మమ్మల్ని కలిశాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన మీసాలు. నన్ను చూసి, "మంచిగున్నవ్ బిడ్డా. భయపడకు" అన్నాడు. భయమంతా ఆయన గురించేనని ఆయనకెలా చెప్పను?

హోటల్ దగ్గరికి వచ్చి చూస్తే అది సెల్లార్‌లో ఉంది.

పైన బట్టల షాపు, దాని పక్క నుంచి కిందికి ఇరుకు మెట్లు. మెట్ల దగ్గర అతను, వాళ్లమ్మానాయినలు మా కోసం నిలబడి ఉన్నారు. గోడలకు నల్లరంగు. అడుగున కాగితం లాంతర్ల ఎర్రటి వెలుగు తప్ప ఇంకేమీ కనపడదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఆ గుంటలోకి చూస్తుంటే నేనే ఒక అడుగు వెనక్కి వేశాను. పెద్దబాపు మీసం మీద దువ్వెన అలాగే ఆగిపోయింది.

"కిందికా?" అన్నాడు.

"అవు బావా. లోపట ఏసీ, సల్లగుంటది" అన్నాడు పిల్లవాడి తండ్రి, హుషారుగా.

ఇప్పుడు వెనక్కి తిరుగుతాడు, ఇప్పుడు ఏదో ఒకటి అంటాడు అనుకున్నాను. ఆయన నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనపడిందో తెలియదు. రెండో మీసం కూడా దువ్వుకుని, దువ్వెన లోపల పెట్టి, దస్తీ బయటికి తీశాడు. "దిగుదాం. ముందుగాల బిళ్లలియ్యుండ్రి" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. బాపు నీళ్లు నములుతూ పద్ధతి వివరించాడు. పిల్లవాడి తండ్రి కనుబొమ్మలు ముడేశాడు. "నేనేమన్న చిన్న పిల్లగాన్నా తప్పిపోనీకి? నాకద్దు" అన్నాడు. వాళ్లమ్మ మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, సంచీలోంచి సోంపు డబ్బీ తీసి ఇచ్చింది. అతను నవ్వుతూ పెన్ను ఇచ్చాడు. నేను తడుముకుంటే ఏమీ దొరకలేదు, పైట పిన్నీసు తీసి ఇచ్చాను. ఆ తర్వాత పైట జారుతూనే ఉంది, నేను ఎగదోసుకుంటూనే ఉన్నాను. పెళ్లిచూపుల్లో నా సంగతి అలా ఉంది.

మెట్ల దగ్గరి టేబుళ్లన్నీ నిండిపోయాయి. మాకు దొరికింది అన్నిటికంటే లోపలిది. పెద్దబాపు గోడకు ఆనుకుని, నా పక్కన కూర్చున్నాడు. కప్పంతా నల్లటి వల కట్టి, దానికి గొడుగులంతేసి గడ్డి టోపీలు వేలాడదీశారు. ఆయన వాటి వంక చూశాడు. వల వెనక కప్పు కనపడటం లేదు. ఆయన మంచినీళ్ల గ్లాసు ఎత్తి, నీళ్లు ఒలుకుతాయని మళ్లీ దించేశాడు.

తిండి వచ్చింది. మడతపెట్టిన చిన్న మొక్కజొన్న రొట్టెల్లో పనీర్ మంచూరియా, మీద పచ్చి క్యాబేజీ ఊరగాయలాంటిది. కరకరలాడే ముక్కల మీద కారంకారంగా ఎర్రటి సాస్. పక్కన పచ్చటి మెత్తటి ముద్ద, ఉప్పూ పులుపూ కలిపింది. తినడానికి పుల్లలు. పిల్లవాడి తండ్రి పుల్లలతో ఎత్తిన ముక్క ఎత్తినట్టే జారిపోతుంటే చివరికి చేత్తోనే తిన్నాడు. అమ్మ ఉప్మా తిని వచ్చిన ధీమాతో అన్నీ కొరికి చూసి పక్కన పెట్టింది.

"ఎట్లున్నది బావా?" అన్నాడు పిల్లవాడి తండ్రి.

పెద్దబాపు చెమట తుడుచుకున్నాడు. "మంచిగున్నది. గిది మన మక్కరొట్టెనే గద, మడిచిచ్చిండ్రు" అన్నాడు. ఒక ముక్క కొరికాడు. నమిలాడు, నమిలాడు, మింగలేకపోయాడు. నీళ్లతో దించుకున్నాడు.

"గన్నేండ్లు బాయిల జేసిన్రు గద, భయం గాలేదా?" అని పిల్లవాడి తండ్రే మళ్లీ అడిగాడు.

"భయం గాని దినం లేదు. భయం లేదన్నోన్ని మేం ఎంబడి తీస్కపోకపోయెటోళ్లం" అన్నాడు పెద్దబాపు.

పిల్లవాడి తండ్రి అది పరాచికమనుకుని పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. ఈ మనిషి లేచి పోవడానికి సాకు అక్కర్లేదు, తలనొప్పి అంటే చాలు. పోవడం లేదు. ఆ నల్లటి కప్పు కింద, మెట్లకు అంత దూరంలో, నా కోసం కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. బల్ల కింద ఆయన చేయి పట్టుకున్నాను. మంచుముద్దలా ఉంది.

ఇనుప పెనం మీద సుయ్యిమంటూ, పొగలు కక్కుతూ ఒక వంటకం వచ్చింది. ఆయన సగం లేచాడు. "అది గంతే మామా, ఇంకోటేం లేదు" అన్నాడు అతను నెమ్మదిగా. పెద్దబాపు కూర్చున్నాడు. అతను చేతులు కడుక్కొస్తానని లేచి లోపలికి పోయాడు.

తర్వాత కాసేపటికి వంటగది వైపు నుంచి ఎవరో అరిచారు. మాడు వాసన గుప్పుమంది. కమ్ముకుంటున్న పొగ ఆ పెనానిది కాదని అర్థమయ్యేలోగా కరెంటు పోయింది.

చీకటంటే అలాంటి చీకటి నేను ఎరగను. కుర్చీలు పడుతున్నాయి, ఎవరో పిల్లలు ఏడుస్తున్నారు, గొంతులో పొగ. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ గోలలో పెద్దబాపు గొంతు వినపడింది, వణకకుండా. "ఉరుకకుండ్రి. కింది దాక ఒంగుండ్రి. కుడి చెయ్యి గోడకు వెట్టుండ్రి. ముందట మనిషి కొంగు పట్టుకోండ్రి." నా చేతిని అమ్మ భుజం మీద వేశాడు. పిల్లవాడి తల్లిని నా వెనక నిలబెట్టాడు. ఆయన చివర్న ఉన్నాడు. గోడ పట్టుకుని, మెట్లు పాక్కుంటూ ఎక్కి, ఎండలో పడ్డాం.

బయట జనం దగ్గుతున్నారు. పెద్దబాపు పై మెట్టు దగ్గర నిలబడి దస్తీ విప్పాడు. బాపుకు టికెట్టు, అమ్మకు తాళంచెవి, పిల్లవాడి తల్లికి సోంపు డబ్బీ. నేను అమ్మ వీపు నిమురుతున్నాను, నా పిన్నీసు తీసుకోలేదు. దస్తీలో అది, పెన్ను మిగిలాయి.

"పిలగాడేడి?" అన్నాడు పెద్దబాపు.

అందరం చుట్టూ చూశాం. పిల్లవాడి తండ్రి మొహం తుడుచుకుంటూ, "పోయే ఉంటడు తియ్. కారు పక్కకు దియ్యనీకి పోయిండు గావొచ్చు" అన్నాడు.

ఆ మాటే అనాలా! పెద్దబాపు మొహంలో రంగు మారడం నేను చూశాను. చెయ్యి చాపి ఆపేలోపలే ఆయన వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయాడు. "అన్నా!" అని బాపు అరిచాడు. హోటల్ మనిషి "పోవద్దు సార్" అంటూ చొక్కా పట్టుకోబోయాడు, అందలేదు.

ఆ వెంటనే భవనం వెనక సందులోంచి అతను వచ్చాడు, మసి మొహంతో, దగ్గుతూ. చేతులు కడుక్కుంటుంటే కరెంటు పోయిందట, వంటవాళ్లు తమతో పాటు వెనక తలుపు గుండా బయటికి లాక్కుపోయారట. వాళ్లమ్మ కొడుకును కరుచుకుని ఏడ్చింది. మేం మెట్ల మీంచి కిందికి కేకలేశాం. జవాబు లేదు. బాపుకు దమ్ము జబ్బు, నాలుగు మెట్లు దిగేసరికి దగ్గు కమ్ముకుని గోడకు చేరగిలబడ్డాడు.

నేను దిగాను. లిఫ్టెక్కడానికి జంకే నేను, ఆ పొగలోకి ఎలా దిగానో ఇప్పటికీ నాకు తెలియదు. ధైర్యమని ఎవరైనా అంటే ఒప్పుకోను. భయంతోనే దిగాను. పైట మూతికి కట్టుకుని, ఫోను లైటు వేసుకుని, ఆయన చెప్పినట్టే ఒంగి, గోడ పట్టుకుని పోయాను. లైటు వెలుగులో పొగ తప్ప ఏమీ లేదు. అప్పుడు వినపడింది, టక్, టక్, టక్. ఆగింది. మళ్లీ టక్, టక్, టక్.

ఆయన మేం తిన్న బల్ల దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు. దువ్వెన వెన్నుతో బల్ల ఇనుప కాలును కొడుతున్నాడు. కొట్టి, ఆగి, తల వంచి వింటున్నాడు. అవతలి నుంచి ఎవరైనా తిరిగి కొడతారేమోనని వింటున్నాడు.

"సమ్మన్నా!" అన్నాడు. "సమ్మన్నా, నేనొచ్చిన!"

నేను ఆయన భుజం పట్టి కుదిపాను. "పెద్దబాపూ, అతను పైనున్నడు. ఎన్క నుంచి వచ్చిండు. నేను చూసిన" అన్నాను.

"నేను జూడలే. బిళ్ల నా దగ్గర్నే ఉన్నది."

"నా మీద ఒట్టు. పైకి రా."

"నువ్వు పో బిడ్డా. గిట్లనే అంటరు. నేను గూడ గిట్లనే అన్న."

చేయి పట్టి లాగాను. కదల్లేదు. పొగకు నా కళ్లు మండిపోతున్నాయి, దగ్గు ఆగటం లేదు. ఇద్దరం ఇక్కడే పోతామనిపించింది. ఏం చెబితే కదులుతాడు? ఆయన మాట ఆయనకే చెప్పాను.

"నా పిన్నీసు నీ దగ్గర్నే ఉన్నది పెద్దబాపూ. నేను తీస్కోలే. నువ్వు పైకొచ్చి ఇయ్యకుంటే నేను గూడ కిందున్నట్టే."

ఆయన చేతిలో దువ్వెన ఆగింది. నా మొహంలోకి చూశాడు, అప్పుడే గుర్తుపట్టినట్టు. "అవునే" అన్నాడు. "నీది గూడ ఉన్నది." నన్ను ముందు నిలబెట్టి, నా వీపు మీద చెయ్యేసి నడిపించాడు.

పైకొచ్చాక ఎదురుగా అతను నిలబడి ఉన్నాడు. పెద్దబాపు అతని రెక్క పట్టుకుని, పెన్ను చేతిలో కుక్కి, ఊరంతా వినపడేలా అరిచాడు. "బిళ్ల దీస్కోకుంట ఎట్ల పోతవ్ రా? ఎట్ల పోతవ్?" అరుస్తూనే ఏడ్చాడు. అంత జనంలో, మీసాల మీదుగా కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

కాబోయే అల్లుడిని "రా" అన్నాక ఇంకేం మిగులుతుంది? పిల్లవాడి తండ్రి ఒంటికాలి మీద లేచాడు. "ఇంక మాటే గాలేదు, గప్పుడే రా అంటుండు. గీ పిచ్చోని తోని మాకెందుకు?" అని భార్యను, కొడుకును కారెక్కించుకుని పోయాడు. వంటగదిలో నూనె అంటుకుంటే తడి గోనెలతో ఆర్పేశారని, గోడలకు మసి తప్ప ఎవరికీ ఏమీ కాలేదని అప్పుడే ఎవరో చెబుతున్నారు. పెద్దబాపు నా పిన్నీసు నా చేతిలో పెట్టాడు. "అందరొచ్చిండ్రా?" అన్నాడు. "వచ్చినం" అన్నాను. మహబూబాబాద్ బస్సెక్కాం. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సంబంధం పోయిందని నాకు ఖాయమైపోయింది.

ఆ తర్వాత ఫోను మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. చివరికి వాళ్లమ్మ నుంచే వచ్చింది. అమ్మతో అంది, "మేమంత పైన నిలబడి చూసినం వదినా. కన్నతల్లిని, నేను గూడ కాలు కదపలే. నా కొడుకు కోసం దిగింది మీ బావ ఒక్కడే. మా ఆయన ఏమన్న అననీయుండ్రి, నాకు గా ఇంటి పిల్లనే గావాలె." మా మామగారు ఆ "రా"ను ఇప్పటికీ మరిచిపోలేదు. మా ఆయన మాత్రం ఆ పెన్ను సిరా అయిపోయినా పారేయలేదు, జేబులోనే ఉంచుకున్నాడు.

పోయినేడు పెద్దబాపుకు ఊపిరి అందక వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. ఏళ్ల తరబడి మింగిన దుమ్ము అన్నారు. లోపలి గదిలో పెట్టాలి, ఎవరూ వెంట రాకూడదన్నారు. స్ట్రెచర్ తోసుకుపోతుంటే ఆయన కప్పును చూస్తూ పడుకున్నాడు. వరుసగా వెళ్తున్న ట్యూబులైట్లను చూశాడు. తలుపు దగ్గర చెయ్యెత్తి ఆపించాడు. చొక్కా తీసేశారు కాబట్టి జేబు లేదు. పిడికిలి విప్పితే అందులో దువ్వెన ఉంది.

"గిది నా బిళ్ల. నీ దగ్గరుంచు" అన్నాడు.

బాయి బయట ఆయన ఎప్పుడూ ఎవరికీ బిళ్ల ఇవ్వలేదు. "నీకెందుకు పెద్దబాపూ, ఆఖరికి ఎక్కెటోనివి నువ్వు" అన్నాను, నవ్వబోయి.

"నాకు భయమైతుందే" అన్నాడు. "నేనొచ్చి దీస్కుంట."

తలుపు మూసుకుంది. ఆయన మళ్లీ రాలేదు.

మొన్న ఆదివారం మా నంబరు పిలిచారు. ఎర్ర బిళ్ల ఆ అమ్మాయికి ఇచ్చేసి, పెన్ను సంచీలో, దువ్వెన పక్కన పెట్టి, జిప్పు వేసి, కుడి చెయ్యి గోడకు ఆనించి దిగాను. గోడలకు ఇప్పుడు తెల్లరంగు వేశారు, వెనక తలుపుకు పెద్ద బోర్డు పెట్టారు. మెట్ల పక్క టేబుల్ దొరికింది. మడత రొట్టెలు తెప్పించుకున్నాం. మక్కరొట్టెనే. భయపడుతూనే తిన్నాను, కప్పు చూస్తూ.

పైకి వచ్చాక పై మెట్టు దగ్గర ఆగి, పెన్ను తీసి మా ఆయనకు ఇచ్చాను. ఆయన జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడూ పెద్దబాపు అడిగే మాట ఈసారి ఆయన అడిగాడు, మెల్లగా.

"అందరొచ్చిండ్రా?"

సంచీలో చెయ్యి పెట్టాను. దువ్వెన వేళ్లకు తగిలింది. పళ్ల మధ్య ఒక తెల్ల వెంట్రుక ఇంకా అలాగే ఉంది. వచ్చినం అనడానికి నాకు నోరు రాలేదు. "జర ఆగుదాం" అన్నాను. ఎండలో ఇద్దరం మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాం.